చుక్క చూపినవాడు

కారుకొండల్లో పొద్దు గుంకే వేళకు ఇద్దరు మనుషులు ఒక లోయ అంచుకు చేరారు. ముందున్నది నీలాలు. కొండమనిషి, మనుషుల జాడ తీసి పట్టుకోవడం ఆమె పని. వెనకున్నవాడి చేతులు తీగతాడుతో కట్టి ఉన్నాయి. తాడు రెండో కొస నీలాలు నడుముకు చుట్టి ఉంది. అతడి భుజాన మలారం, గాజులు గుచ్చిన తాళ్ళమూట, వేలాడుతోంది. చూసినవాళ్ళు గాజులమ్మేవాడు అనుకోవాలని వేసిన వేషం అది. అతడు నందివర్తన రాజ్యపు యువరాజు ప్రతీపుడు.

వేషం ఏటిరేవు దాకానే పనిచేసింది. అక్కడ నీలాలు గాజులు తొడగమని చెయ్యి చాపింది. గాజులమ్మేవాడు ముందు చేతి కణుపులు నొక్కుతాడు, అరచేతిని మడిచి మెత్తబరుస్తాడు, ఆ తర్వాతే గాజు ఎక్కిస్తాడు. ప్రతీపుడు తిన్నగా తోశాడు. గాజు విరిగి ఆమె మణికట్టు కోసుకుంది. ఆమె చేతికి ముందునుంచీ ఉన్న గాజులు కూడా దాంతోపాటే పోయాయి. నెత్తురు తుడుచుకునేలోపే ఆమె అతడి చేతులు కట్టేసింది.

అతడు వచ్చింది ఇనుపకోన కోట కోసం. ఆ కోటలో కపోతాక్షుడనే మాంత్రికుడు ఒక గానుగ ఆడిస్తున్నాడు. అతడు పంపిన తాంబూలం నమిలి ప్రతీపుడి చెల్లెలు మందాకిని నిద్రలో పడింది. ఆ గానుగ నూనె ఒక్క బొట్టు కళ్ళకు రాస్తే లేస్తుంది.

నీలాలుకూ ఆ గానుగతోనే పని. దాన్ని తిప్పే ఎద్దులు ఒకప్పుడు మనుషులు. వాటిలో ఒకటి ఆమె మొగుడు జోగన్న. ప్రతి అమావాస్యకూ ఆ ఎద్దులు ఏదో ఒకటి మరిచిపోతాయి. రేపటి అమావాస్యకు తాము మనుషులమన్న సంగతే మరిచిపోతాయి. ఆ తర్వాత ఏ మంత్రమూ వాటిని వెనక్కి తేలేదు. ‘నందివర్తనపు యువరాజును తెచ్చి నా గానుగకు కట్టు, నీ మొగుణ్ణి విప్పుతాను’ అని కపోతాక్షుడు ఆమెకు మాట ఇచ్చాడు. రాజవంశపు మనిషి తిప్పిన గానుగ నూనెతో వెలిగిస్తే మాంత్రికుడి బురుజు దీపం ఎప్పటికీ ఆరదట.

లోయ మీద వంతెన అంటే పడిపోయిన మద్దిమాను ఒక్కటే. నీలాలు దాని మీద కాలు పెట్టింది.

“గాజులోడా, కిందకి చూడకు. నా మడమలు చూసుకుని రా.”

“చేతులు విప్పితే ఇంకా బాగా వస్తాను.”

“బాగా వస్తావు. వెనక్కి వస్తావు.”

సగం దాటాక మాను మీది నాచు ప్రతీపుడి కాలికింద జారింది. చేతులు కట్టి ఉన్నవాడు దేన్నీ పట్టుకోలేడు. అతడు పడ్డాడు. తాడు బిగిసి నీలాలును కూడా లాగింది. ఆమె మాను మీద బోర్లా పడి, కాళ్ళు దాని చుట్టూ వేసి, రెండు చేతులతో తాడు పట్టుకుంది. ప్రతీపుడు కింద వేలాడుతూ గిర్రున తిరిగాడు. కాసేపు రాతిగోడ, కాసేపు నీళ్ళు, కాసేపు ఆకాశం కనిపించాయి.

తూర్పుకొండ మీద ఒక వెలుగు లేచింది. మొదట చుక్కంత ఉంది. అది రాలే చుక్కల్లా గీత గీసి మాయం కాలేదు. నిదానంగా వచ్చింది, వస్తూ పెద్దదైంది. లోయగోడల మీద చెట్ల నీడలు పడ్డాయి. చుక్క నడిచినకొద్దీ ఆ నీడలూ గోడల మీద నడిచాయి. లోయ అడుగున ఏటిరాళ్ళు ఒక్కొక్కటీ విడిగా కనిపించాయి.

ప్రతీపుడు తాను ఎక్కడ వేలాడుతున్నాడో మరిచిపోయాడు.

“నీలాలూ! అటు చూడు!”

ఆమె తల తిప్పింది. వెలుగు ఆమె ముఖం మీదుగా పోయింది. తాడు లాగుతున్న చేతులు ఆగాయి. చుక్క పడమటి కొండ దాటి ఆరిపోయింది. ముందటికంటే చీకటి ఎక్కువైంది.

ఆమె అతణ్ణి పైకి లాగింది. మాను దాటించి గట్టున నిలబెట్టింది. చెంప మీద కొట్టింది.

“నిన్నెవడు చూపించమన్నాడురా?”

“అంత వింత కనిపిస్తే పక్కవాళ్ళకి చూపించమా?”

“మీ పల్లపు దేశంలో చూపించుకోండి. నాను చూడలేదు. వినబడిందా? నేల చూస్తన్నాను. ఏటీ చూడలేదు.”

“నీ ముఖం మీద వెలుగు...”

“చూడలేదన్నాను!”

కొంతదూరం ఎక్కాక ఉరుము వినిపించింది. మబ్బు లేదు. చుక్క పోయిన దిక్కు నుంచి వచ్చి, కొండకొండకూ తగిలి, చివరికి కాళ్ళకింద రాతిలో ఆగింది. నీలాలు నడక తగ్గించలేదు. ప్రతీపుడు తాడు బిగిసినప్పుడల్లా అడుగు పెంచాడు. ఆమె అతడి వైపు ఒక్కసారైనా తిరగలేదు.

ఇనుపకోన కింద ఆఖరి గుడిసె గున్నవ్వది. కోటకు పోయేవాళ్ళకు ఆమె చోడి అంబలి కాచి పోస్తుంది. వాళ్ళు వచ్చేసరికి ముసలమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది.

“నీళ్ళు తరవాత. ముందు చెప్పండి, చుక్క చూసినారా? ఎవరితో చూసినారు?”

కారుకొండల్లో చుక్క పడిన రాత్రి గడపలో అడుగుపెట్టిన ప్రతివాణ్ణీ అలా అడుగుతారు. ప్రతీపుడికి ఆ సంగతి తెలియదు.

“నాను చూడలేదవ్వా,” అంది నీలాలు.

“ఇద్దరం చూశాం,” అన్నాడు ప్రతీపుడు. “నేనే చూపించాను.”

గున్నవ్వ అతడి చేతుల కట్టు చూసింది, తాడు ఎవరి నడుముకు ఉందో చూసింది. నవ్వు ఆపుకోడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఓలమ్మా! అన్నని కట్టేసి తెస్తన్నావేటే నీలాలూ?”

“అవ్వా, నాను నేల చూసుకుని నడిచినాను. ఈడు అబద్ధం చెప్తన్నాడు.”

“అలాగే. ఏం బావూ, ఎలా ఉన్నాది చుక్క?”

ప్రతీపుడు నీలాలు వైపు ఓరగా చూసి, కావాలనే తప్పు చెప్పాడు. “ఎర్రగా ఉంది. నిప్పుకణికలాగే. అలాగే నేరుగా పోయి కొండ వెనక పడింది.”

“ఎరుపేటి?” అంది నీలాలు. “పచ్చగా లేదూ, చిలకపచ్చ? నేరుగా పోయిందట! కొండ దాటకముందే రెండు చెక్కలైపోలేదూ? చిన్నచెక్క ముందు ఆరింది, పెద్దది...”

జాడ తీసేవాళ్ళు తప్పుమాట వింటే ఊరుకోలేరు. అన్నాక గానీ ఆమెకు తానేమన్నదో తెలియలేదు. నీలాలు గోడవారగా చతికిలబడి, మోకాళ్ళ మీద తల పెట్టుకుంది.

గున్నవ్వ ప్రతీపుడికి అంబలి ముంత ఇచ్చి, కట్టు ఉన్న చేతులతోనే పట్టుకోమంది. తర్వాత చెప్పింది.

“ఇనుకో బావూ. ఒకే చోట నిలబడి ఒకే చుక్క చూసినవోళ్ళు తోబుట్టువులు. చూపినవోడు పెద్ద. చూసినోళ్ళు చిన్న. చిన్నది పెద్దోడికి కీడు చెయ్యకూడదు. చేస్తే దాని పొయ్యి వెలగదు. పెద్దోడు తెల్లారేలోపల చిన్నది అడిగిన ఒక్కటీ ఇవ్వాల. ఇవ్వకపోతే ఆడి మాట ఏ కొండలోనూ చెల్లదు.”

“మరి మొగుడూ పెళ్ళాలు కలిసి చూస్తే?” అని అడిగాడు ప్రతీపుడు.

“అన్నాచెల్లెళ్ళయిపోతారు. మంచాలు విడిపోతాయి.” గున్నవ్వ ఈసారి దాచుకోకుండా నవ్వింది. “అందుకే చుక్క కనబడితే ‘చుక్కోయ్!’ అని కేకేస్తాం. పెళ్ళాలు కొంగు ముఖమ్మీద ఏసుకుంటారు. దీని ఇంట్లో మాత్రం జోగన్నే తల దించేవోడు. కేక వినబడితే చాలు, ఎక్కడుంటే అక్కడ బోర్లా పడిపోయి మట్టిలో ముఖం పెట్టేవోడు. పక్కన పెళ్ళాం ఉందో లేదో కూడా చూసుకునేవోడు కాదు.”

“ఒకసారి అంబలి తాగతన్నాడు,” అంది నీలాలు, తల ఎత్తకుండానే. “కేక వినబడింది. ముఖం తీసికెళ్ళి గిన్నెలో పెట్టేసినాడు.”

“ముక్కులోంచి అంబలి కారతా అడిగినాడు...” అని గున్నవ్వ అందుకుంది.

“‘పోయిందా చుక్క? తల ఎత్తనా?’” అంది నీలాలు. నవ్వింది. ఆ నవ్వు కాసేపటికి ఆగిపోయింది. ఆగాక ఆమె జోగన్న సంగతి, గానుగ సంగతి, మాంత్రికుడి మాట సంగతి ప్రతీపుడికి చెప్పింది. సాకు వెతకలేదు, ఏడవలేదు.

“రేపటితో ఆఖరు,” అంది. “నిన్నిస్తే ఆడొస్తాడు. ఇప్పుడు నిన్నివ్వలేను. నాను చూడలేదని చెప్పుకుందామనుకున్నాను. దారంతా అదే అనుకుంటా వచ్చినాను.”

ప్రతీపుడు ముంత కింద పెట్టాడు. “నాకూ ఒక చెల్లెలుంది. దాని చేతిలోంచి ఆ తాంబూలం లాగేయలేకపోయాను. పక్కగదిలో ఉన్నాను. అడుగు, నీలాలూ. ఏం కావాలో అడుగు.”

“ఏటి అడగమంటావు? ‘గానుగకి నువ్వెళ్ళి కట్టుకో’ అననా?”

“అను. ఇవ్వకపోతే నా మాట చెల్లదన్నారు కదా.”

ఆమె అతడి ముఖంలోకి చూసింది. చుక్క పడ్డాక అలా చూడడం ఇదే మొదలు. మొలలోని కత్తి తీసి తీగతాడు కోసింది. చెయ్యి చాపింది.

“గాజులు తొడుగు. రేవు దగ్గర నాయి విరగ్గొట్టినావు. ఆ చప్పుడికే ఆడు నాను వచ్చినట్టు గుర్తుపట్టేవోడు.”

గున్నవ్వ పక్కన కూర్చుని నేర్పింది. “బొటనవేలు లోపలికి మడువు. కణుపు మీద ఒత్తు. తొయ్యకు బావూ, అదే ఎక్కుతాది.” ప్రతీపుడు ఆమె అరచేయి మెత్తబడేదాకా నొక్కాడు. కోసుకున్న చోట వేలు తగలకుండా చూసుకున్నాడు. గాజులన్నీ ఎక్కాయి. ఒక్కటీ చిట్లలేదు.

ఇంకో జత కోసం మలారం విప్పుతుంటే అందులోంచి చిటికెనవేలంత కత్తి జారి కిందపడింది. నీలాలు దాన్ని తీసి చూసింది.

“ఇదెప్పటినుంచి ఉంది?”

“మా గురువు ఇచ్చాడు. మంత్రపు కట్టును ఇదొక్కటే కోస్తుంది. ఒక్కసారే కోస్తుంది. తర్వాత మామూలు ఇనుము.”

“మరి నా తాడు కోసుకుని పారిపోలేదేం?”

“తీగతాడుకు వాడితే అక్కడితో సరి. మాంత్రికుడు నన్ను కట్టేసినప్పటికి దాచుకున్నాను.”

నీలాలు కత్తిని అతడి చేతిలో పెట్టి వేళ్ళు మూసింది. “ఇది నాను అడగను. నీ ప్రాణానికున్నది ఇదొక్కటే.”

“నువ్వు అడిగింది గాజులు. అవి ఇచ్చాను. ఇది అడక్కుండా ఇస్తున్నాను. జోగన్నని కట్టిన మంత్రపు ముకుతాడు కోద్దాం పద.”

“ఎద్దులన్నీ ఒక్కలాగే ఉంటాయన్నా. తప్పు ఎద్దుకి కోస్తే?”

ఆమె నోట ‘అన్నా’ అన్న మాట వచ్చింది. గున్నవ్వ పొయ్యిలోకి ఇంకో కట్టె తోసింది.

“గాజులున్నాయి కదా,” అన్నాడు ప్రతీపుడు.

నీలాలు తీగతాడును మళ్ళీ అతడి చేతులకు చుట్టింది. ఈసారి వేసింది జారుముడి. లాగితే ఊడిపోతుంది.

ఇనుపకోన కోటకు రాయి లేదు. కొండలోని ఇనుపరాతిని కరిగించి పోతపోసిన గోడలు అవి. వర్షాలకు తుప్పు కారి గోడకింద నేలంతా ఎర్రబడింది. బురుజు మీద ఒక దీపం వెలుగుతోంది. గాలి వీచినా దాని మంట కదలదు. గుమ్మం దగ్గర కావలివాడు దివిటీ ఎత్తాడు. వాడూ కొండమనిషే, మాంత్రికుడి కూడు తింటున్నాడు.

“ఎవరది?”

“నాను, నీలాలుని. సరుకు తెచ్చినాను.”

“ఈడేనా యువరాజు? గాజులోడిలాగున్నాడు.”

“గాజులోడిలాగా లేడు. తొడగడం రాదు.”

కావలివాడు నవ్వాడు. నవ్వుతూనే దివిటీ ఆమె చేతి దగ్గరికి తెచ్చాడు. “మరి ఈ కొత్తగాజులెవరు తొడిగినారు?”

“నాకు చేతుల్లేవా? యువరాజుని పట్టుకుని ఆడి మలారం దారిలో ఒగ్గేసి వస్తాననుకున్నావా?”

అది వాడికి సబబుగా తోచింది. గొలుసు తీయబోయి ఆగాడు.

“ఇందాక చుక్క పడింది. నువ్వు దారిలోనే ఉండుంటావు. ఈడితో చూడలేదు గదా?”

“నేల చూసుకుని నడిచినాను.”

ఇందాక తన మొగుడి కోసం ఆడిన అబద్ధాన్నే ఆమె ఇప్పుడు అన్న కోసం ఆడింది. గొంతు కూడా మార్చలేదు. కావలివాడు ప్రతీపుడి వైపు తిరిగాడు.

“నువ్వు చూసినావా?”

“ఏ చుక్క?” అన్నాడు ప్రతీపుడు.

తలుపు తెరుచుకుంది. “దొర జపంలో ఉన్నాడు. లేచేదాకా ఈణ్ణి గానుగశాలలో స్తంభానికి కట్టు,” అని కావలివాడు దారి చూపించి, గుమ్మం దగ్గరే ఉండిపోయాడు.

గానుగశాలకు కప్పు లేదు. నడుమ రాతిరోలు, దాంట్లో తాటిమానంత రోకలి. రోకలికి కట్టిన కాడిమానులు బండిచక్రపు ఆకుల్లా నలుదిక్కులా ఉన్నాయి. ఒక్కొక్క మానుకు ఒక్కొక్క ఎద్దు. అన్నీ బూడిదరంగువే. అన్నిటి కొమ్ములూ ఒకే వంపు. ముక్కులకు నల్లటి ముకుతాళ్ళు ఉన్నాయి. వాటికి ముడి లేదు. రోలులోంచి నూనె కాలువగా పారి గోడలోకి పోతోంది; బురుజు మీది దీపానికి అదే దారి. తోలేవాడు లేడు. ఎద్దులు వాటంతట అవే తిరుగుతున్నాయి.

ప్రతీపుడు ముడి లాగి చేతులు విడిపించుకున్నాడు. కాలువలో నూనె చూసి, ముందు జోగన్న అనుకుని, మలారంలోంచి కత్తి తీశాడు. నీలాలు ఎద్దులు తిరిగే దారి అంచున నిలబడి చెయ్యి ఎత్తి గాజులు ఆడించింది.

ఒక ఎద్దు దాటిపోయింది. దాని వెనక ఇంకొకటి. ఏదీ ఆగలేదు. చెవి కూడా ఆడించలేదు. ఆమె ఇంకా గట్టిగా ఆడించింది. చుట్టు పూర్తయింది. మొదటి ఎద్దు మళ్ళీ ఆమె ముందు నుంచే పోయింది.

“మరిచిపోయినాడు,” అంది నీలాలు. “పోయిన అమావాస్యకి పోయినట్టుంది ఈ చప్పుడు.”

ఆమె చెయ్యి దించలేదు. గాజుల చప్పుడు ఆగిపోయినా చెయ్యి అలాగే గాలిలో ఉంది. ప్రతీపుడు ఆ చేతిని పట్టుకుని మెల్లగా కిందికి దించాడు.

“చెల్లెమ్మా, గాజులు పెళ్ళయ్యాక వచ్చినవి. అంతకన్నా లోతున ఉన్నది ఏదైనా ఉందేమో చూడు. నువ్వు చెప్పక్కర్లేకుండానే జోగన్న చేసే పని.”

నీలాలు అతడి వైపు చూసింది. తర్వాత పైకి, కప్పులేని ఆకాశం వైపు చూసింది. అక్కడ ఏమీ కదలడం లేదు. ఆమె రెండు అరచేతులూ నోటి చుట్టూ పెట్టుకుంది.

“చుక్కోయ్!”

ఎద్దులన్నీ ఆగాయి. రోకలి కిర్రుమని నిలబడింది. ఎద్దులన్నీ మెడలెత్తి ఆకాశంలోకి చూశాయి.

ఒక్కటి చూడలేదు. అది ముందరికాళ్ళు మడిచి కూలబడి, ముఖాన్ని గానుగ కింద రాలిన తెలికపిండి దుమ్ములో పెట్టేసింది. కొమ్ములు నేలకు గుచ్చుకున్నాయి.

నీలాలు పరుగెత్తి దాని మెడ పట్టుకుంది. “ఈడే! ఈడే అన్నా!”

ప్రతీపుడు మోకాళ్ళ మీద కూర్చుని ముకుతాడుకు కత్తి ఆనించాడు. తాడు కట్టెలా గట్టిగా ఉంది. కత్తి కోస్తోంది గానీ నెమ్మదిగా కోస్తోంది. రోలులోంచి నూనె పారడం ఆగిపోయింది. ఎన్నడూ కదలని బురుజు దీపం ఒకసారి కదిలింది, ఇంకోసారి కదిలింది. పైన తలుపు తెరుచుకున్న చప్పుడు అయింది.

“గానుగ ఎందుకాగింది?” అని కపోతాక్షుడి గొంతు అడిగింది. పాదుకలు మెట్లు దిగడం మొదలుపెట్టాయి.

ముకుతాడు సగం తెగింది. ఎద్దు ఒళ్ళు వణికింది. దుమ్ములోంచి ముఖం ఎత్తకుండానే అది మాట్లాడింది, మనిషి గొంతుతో.

“నీలాలూ, పోయిందా చుక్క? తల ఎత్తనా?”

మెట్ల మలుపులో దివిటీ వెలుగు గోడ మీద పడింది. ప్రతీపుడు కోత ఆపలేదు; ముకుతాడుకు ఇక రెండు పోగులే మిగిలాయి. నీలాలు కొంగుతో ఎద్దు కళ్ళు కప్పి, దాని చెవి దగ్గర నోరు పెట్టింది.

“ఇంకా పోలేదు. కాసేపు అలాగే ఉండు. మా అన్న వచ్చినాడు.”